కుట్టు, అల్లిక, చదువు: కాన్పులోగా మూడింటికీ చోటు ఎలా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: ఐదో నెల నడుస్తోంది. వికారం తగ్గి ఒంట్లోకి కాస్త ఓపిక వచ్చింది. బిడ్డ కోసం కొన్న బట్ట మడత విప్పకుండానే ఉంది. మొదలుపెట్టిన స్వెట్టర్ వెనుక భాగం దగ్గర ఆగిపోయింది. చదవాలనుకున్న పుస్తకాలు పేరుకుపోయాయి. ఉద్యోగం పోగా సాయంత్రం మిగిలే రెండు గంటల్లో ఈ మూడింటినీ ఎలా సర్దుకోవాలని అడిగారు.

నేను ఏళ్ల తరబడి కుట్టు, అల్లిక నేర్పుతున్నదాన్ని, ఇద్దరు పిల్లల తల్లిని. నా దగ్గర నేర్చుకునేవాళ్లలో కడుపుతో ఉన్నవాళ్లు ఎప్పుడూ ఒకరో ఇద్దరో ఉంటారు. వాళ్లకు చెప్పేదే మీకూ చెబుతాను. ఆ రెండు గంటలను మూడు ముక్కలు చేయకండి. మిగిలిన నెలలను పంచుకోండి.

కుట్టుమిషన్ ముందు కూర్చోవాలంటే నడుము, భుజాలు, కాళ్లు సహకరించాలి. అల్లికకు మణికట్లు, వేళ్లు బాగుండాలి. చదువుకు కళ్లు, కుదురైన మనసు చాలు. నెలలు నిండేకొద్దీ ఇవన్నీ ఒకేసారి అలసిపోవు. సాధారణంగా ముందు నడుము మొరాయిస్తుంది, తర్వాత చేతులకు నీరు పడుతుంది. చదువు మాత్రం ఏదో ఒక రూపంలో చివరిదాకా, ఆ తర్వాత కూడా సాగుతుంది. కాబట్టి మిషన్ పని ముందు, అల్లిక మధ్యలో, చదువు మొదటి నుంచి చివరిదాకా పలచగా. నా పద్ధతి అంతే.

లెక్క వేసేటప్పుడు 40 వారాలు చేతిలో ఉన్నాయనుకోకండి. 37 వారాలు దాటాక ఎప్పుడైనా కాన్పు కావచ్చు, కొందరికి అంతకంటే ముందే అవుతుంది. పని ముగియవలసిన గడువు 36వ వారం అని పెట్టుకోండి. ఇప్పుడు 20వ వారం అనుకుంటే మీకు 16 వారాలున్నాయి. అందులో మిషన్ మీద చేయవలసినదంతా 28వ వారంలోపు అయిపోవాలి. డాక్టరు మీకు ప్రత్యేకంగా విశ్రాంతి చెప్పి ఉంటే మాత్రం ఈ లెక్కలన్నీ పక్కన పెట్టి ఆ మాటే వినండి.

కుట్టులో అన్నిటికంటే ముందు చేయవలసింది బట్టను ఉతకడం. నూలు బట్ట మొదటి ఉతుకులో నూటికి మూడు నుంచి ఐదు వంతులు కుదించుకుపోవచ్చు. పెద్దవాళ్ల చొక్కాలో అది తెలియకపోవచ్చు కానీ చంటిబిడ్డ జుబ్బాలో చంక దగ్గర పట్టేస్తుంది. పైగా కొత్త బట్టకు ముడతలు పడకుండా ఉండటానికి రసాయనాలు పట్టిస్తారు, అవీ కొంత పోతాయి. సువాసనలు లేని సబ్బుతో ఉతికి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి అప్పుడు కత్తెర పట్టుకోండి.

కత్తిరింపు మొత్తం ఒకటి రెండు విడతల్లో ఇప్పుడే ముగించండి. ఎనిమిదో నెలలో నేల మీద బట్ట పరచి వంగి కత్తిరించడం ఎవరివల్లా అయ్యే పని కాదు, ఇప్పుడు కూడా నేల మీద వద్దు. నడుము ఎత్తుకు వచ్చే బల్ల మీద నిలబడి కత్తిరించండి. ఒక్కో వస్త్రానికి చెందిన ముక్కలను, దారాన్ని, గుండీలను కలిపి ఒక సంచిలో పెట్టి పైన చీటీ అంటించండి. తర్వాత ఏ సాయంత్రమైనా అరగంట ఓపిక ఉంటే ఒక సంచి తీసి మిషన్ ముందు కూర్చోవచ్చు. ఎక్కడ ఆపామో వెతుక్కునే పని ఉండదు.

మిషన్ ముందు కూర్చునే తీరు గురించి రెండు మాటలు. పొట్ట పెరిగేకొద్దీ కుర్చీ మిషన్‌కు దూరం జరుగుతుంది, చేతులు అందక భుజాలు ముందుకు వాలతాయి, మెడ పట్టేస్తుంది. వీపు ఆనే కుర్చీ వాడండి, నడుము ఒంపులో చిన్న దిండు పెట్టుకోండి. కుడికాలు పెడల్ మీద ఉంటే ఎడమకాలి కింద అంతే ఎత్తున్న చెక్కో మందపు పుస్తకమో పెట్టండి, లేదంటే తుంటి ఒక పక్కకు ఒరిగిపోతుంది. అరగంటకోసారి తప్పనిసరిగా లేచి ఇంట్లో నాలుగు అడుగులు వేయండి. గర్భంతో ఉన్నప్పుడు రక్తం గడ్డకట్టే స్వభావం సహజంగానే పెరుగుతుంది, కదలకుండా గంటల తరబడి కూర్చుంటే కాళ్ల సిరల్లో గడ్డలు ఏర్పడే ప్రమాదం ఉంది. ఒక కాలు మాత్రమే వాచినా, పిక్క నొప్పిపెట్టి ఎర్రబడినా ఆ రోజే డాక్టరుకు చూపించండి. రెండు కాళ్లకూ సాయంత్రానికి కాస్త నీరు రావడం వేరు, ఇది వేరు.

ఏం కుట్టాలి? నా సలహా: తక్కువ కుట్టండి. భుజం మీద వేసుకునే గుడ్డలు, సుమారు 25 సెంటీమీటర్ల వెడల్పు, 50 సెంటీమీటర్ల పొడవున్నవి, ఎన్ని ఉన్నా పనికొస్తాయి. బిడ్డను చుట్టడానికి మీటరు చదరపు మల్లు గుడ్డలు మూడో నాలుగో. పక్కకు కట్టుకునే జుబ్బాలు కొన్ని. తల మీదుగా తొడిగేవాటి కంటే ఇవి మొదటి నెలలో ఎంతో సుఖం, మెడ నిలవని బిడ్డకు వెల్లకిలా పడుకోబెట్టే తొడగవచ్చు. పరుపుకు సరిగ్గా పట్టే దుప్పటి కుడితే పరుపు కొలత తీసుకుని గట్టిగా పట్టేలా కుట్టండి. వదులుగా లేచివచ్చేది ప్రమాదం.

కుట్టకూడనివి కూడా చెప్పాలి, ఎందుకంటే బజారులోనూ నమూనాల్లోనూ ఇవే ముచ్చటగా కనిపిస్తాయి. బుల్లి దిండు, తొట్టి చుట్టూ కట్టే మెత్తలు, నిద్రలో కప్పడానికి మందపు బొంత. మొదటి ఏడాది బిడ్డ నిద్రపోయే చోట మెత్తటివి, వదులుగా ఉండేవి ఏవీ ఉండకూడదు, బిడ్డను వెల్లకిలా గట్టి పరుపు మీదే పడుకోబెట్టాలి. ముఖానికి అడ్డుపడితే తొలగించుకునే శక్తి పసిబిడ్డకు ఉండదు. తొట్టి మెత్తల అమ్మకాన్ని అమెరికాలో 2022లో చట్టం చేసి నిషేధించారు. బొంత కుట్టాలన్న ముచ్చట మీకు ఉంటే తప్పక కుట్టండి, కానీ మెలకువగా ఉన్నప్పుడు మీ కళ్ల ముందు నేల మీద పరచి బోర్లా పడుకోబెట్టడానికి. అలాగే మెడ దగ్గర దారాలు, రిబ్బన్లు, లాగితే ఊడే గుండీలు వద్దు. ప్రెస్ బటన్లు నయం, అవి కూడా బిగించాక గట్టిగా లాగి చూడండి.

ఇక ఒక చిన్న విషయం దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే కుట్టు బాగా వచ్చినవాళ్లు కూడా దీన్ని వదిలేస్తారు. చేతితొడుగో మేజోడో కుట్టడం అయ్యాక దాన్ని తిరగేయండి. లోపలి కుట్టు వెంట మీ చూపుడువేలు నెమ్మదిగా నడిపించండి. అంచులో పీచు లేచిన చోట, ముడి వేసి వదిలిన దారం చివర, అల్లికలో రంగు మార్చినప్పుడు వెనక అడ్డంగా పోయిన ఊలు పోగు, వీటిలో ఏది మీ గోటికి తగులుకున్నా అది బిడ్డ వేలికీ తగులుకుంటుంది. వదులు దారమో తల వెంట్రుకో చంటిబిడ్డ వేలి చుట్టూ మెలిపడితే రక్తం ఆగిపోయి వేలు వాచి ఎర్రబడుతుంది, బిడ్డ ఎందుకు ఏడుస్తోందో ఎవరికీ తెలియదు. అందుకే చేతితొడుగులకూ మేజోళ్లకూ అంచు లోపలికి దాగిపోయే మడత కుట్టు వేయాలి. అంటే మొదట రెండు ముక్కల మంచి వైపులూ బయటికి ఉండేలా పెట్టి సన్నగా కుట్టి, అంచును బాగా దగ్గరికి కత్తిరించి, తిరగేసి మళ్లీ కుట్టాలి. పీచంతా రెండు కుట్ల మధ్య బందీ అవుతుంది. రెట్టింపు పని, కానీ ఇంత చిన్న వస్త్రంలో పది నిమిషాలకు మించదు. బిడ్డ ఆపకుండా ఏడిస్తే మేజోళ్లు విప్పి వేళ్లు చూడమని ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి.

గుండుసూదులను లెక్కపెట్టి తీయండి, లెక్కపెట్టి తిరిగి పెట్టండి. అయస్కాంతం ఉన్న గిన్నె దొరికితే ఇంకా మంచిది. మిషన్ ఆడుతున్నంతసేపు మరో పని వద్దు. కథలు వినడం కూడా వద్దు. గర్భంతో ఉన్నప్పుడు చాలామందికి ధ్యాస చటుక్కున జారుతుంది, సూది కింద వేలుంటుంది.

అల్లిక సంగతికి వద్దాం. దాని గొప్పతనం ఎక్కడైనా ఆపవచ్చు, ఎక్కడికైనా తీసుకెళ్లవచ్చు. ఆసుపత్రిలో పిలుపు కోసం కూర్చున్నప్పుడు, ప్రయాణంలో, నిద్ర పట్టని తెల్లవారుజామున రెండు వరసలు ముందుకు వెళతాయి. చిక్కు మణికట్టు దగ్గర వస్తుంది. ఒంట్లో నీరు పెరిగినప్పుడు మణికట్టులోని ఇరుకు దారిలో నరం నొక్కుకుపోతుంది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కుతాయి, రాత్రిపూట సూదులు గుచ్చినట్టయి మెలకువ వస్తుంది. దీన్ని కార్పల్ టనల్ సిండ్రోమ్ అంటారు. గర్భిణుల్లో, ముఖ్యంగా చివరి మూడు నెలల్లో, ఇది తరచుగా కనిపిస్తుంది, ఎక్కువమందికి కాన్పు తర్వాత క్రమంగా తగ్గిపోతుంది. తిమ్మిరి మొదలైతే పట్టుదలకు పోయి అల్లకండి. రాత్రి మణికట్టు వంగకుండా నిటారుగా ఉంచే పట్టీ కట్టుకుంటే చాలామందికి ఉపశమనం ఉంటుంది, డాక్టరును అడిగి తీసుకోండి.

తిమ్మిరి రాకముందే జాగ్రత్త పడవచ్చు. పొడవాటి ఇనుప సూదులు వదిలి, తేలికైన చెక్క సూదులను తీగ కలిపి ఉండే రకానికి మారండి. అప్పుడు అల్లిన వస్త్రం బరువు మణికట్ల మీద కాకుండా ఒడిలో ఉంటుంది. మోచేతుల కింద చెరో దిండు పెట్టుకోండి. సన్నటి ఊలు, రెండు మిల్లీమీటర్ల సూదులు ఇప్పుడు వద్దు. నాలుగు మిల్లీమీటర్ల సూది, మధ్యరకం ఊలు చేతికి హాయి, పని త్వరగా సాగుతుంది. కుట్టును బిగించి లాగే అలవాటు ఉంటే ఈ నెలల్లో మానుకోండి. ఒక్క విడతలో ఇరవై నిమిషాలు, తర్వాత వేళ్లు చాచి, పిడికిలి తెరిచి మూసి, కాసేపు వదిలేయండి.

మీ స్వెట్టర్ విషయంలో నా సూటి సలహా ఒకటుంది. అది అప్పుడే పుట్టిన బిడ్డ కొలతకు మొదలుపెట్టి ఉంటే, వెనుక భాగం ఒక్కటే అయింది కాబట్టి విప్పేసి, ఆరు నెలల కొలతకు మళ్లీ ఎక్కించండి. పుట్టినప్పటి కొలత బట్టలు చాలామంది పిల్లలకు కొద్ది వారాల్లోనే పట్టవు. ఆరు నెలల బిడ్డకు ఛాతీ చుట్టుకొలత 43 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది, స్వెట్టర్ 48 ఉంటే లోపల జుబ్బా మీద సుఖంగా కూర్చుంటుంది. పుట్టే నెలకు ఆరు కలిపి అప్పుడు ఏ కాలమో చూసుకోండి. ఎండాకాలానికి సరిపోయే కొలతలో ఉన్ని స్వెట్టర్ ఎంత అందంగా అల్లినా పెట్టెలోనే ఉండిపోతుంది. పుట్టగానే పెట్టడానికి ఒక టోపీ చాలు. అప్పుడే పుట్టిన బిడ్డ తల చుట్టుకొలత సుమారు 35 సెంటీమీటర్లు. అల్లిక సాగుతుంది కాబట్టి టోపీని 32, 33 దగ్గర ఆపండి. అది బయటికి వెళ్లేటప్పుడు పెట్టడానికే. ఇంట్లో నిద్రపుచ్చేటప్పుడు తీసేయాలి, తల కప్పి ఉంటే బిడ్డ ఒళ్లు అతిగా వేడెక్కుతుంది.

పెద్ద రంధ్రాల లేసు అల్లిక పసిబిడ్డ వస్త్రాలకు నాకు నచ్చదు, వేళ్లు చిక్కుకుంటాయి. ఊలు ఎంచేటప్పుడు మెడ పక్కన రుద్ది చూడండి, అరచేతికి తెలియని గరుకు అక్కడ తెలుస్తుంది. మిషన్‌లో ఉతికినా ముడుచుకుపోని మెరినో ఉన్ని కానీ మెత్తటి నూలు కానీ తీసుకోండి. రోజుకు రెండుసార్లు పాలు కక్కే బిడ్డ బట్టను చేత్తో ఉతికి పరచి ఆరబెట్టే తీరిక మీకు ఉండదు.

చదువు దగ్గర నాకు కాస్త గట్టి అభిప్రాయమే ఉంది. మీ పుస్తకాల్లో ఎక్కువ భాగం గర్భం గురించి, పిల్లల పెంపకం గురించి అన్నారు. వాటిలోంచి ప్రసవం, పాలివ్వడం గురించి నమ్మదగినది ఒకటి ఏరుకుని ఏడో నెలలోగా చదివేయండి. సందేహాలు కాగితం మీద రాసుకుని తర్వాతి పరీక్షప్పుడు డాక్టరును అడగండి. మిగతావి కట్టిపెట్టండి. ఒకే విషయం మీద పది పుస్తకాలు చదివితే పది రకాల భయాలు పట్టుకుంటాయి. మిగిలిన చదువంతా మీకోసం ఉండాలి. మీరు ఇప్పటిదాకా చదివి ఆనందించిన కథలు, కవిత్వం, ప్రయాణాలు, చరిత్ర, ఏదైనా. తల్లి కాబోతున్నంత మాత్రాన మీ ఇష్టాలు మారాలని ఎక్కడా లేదు. నిడివి మాత్రం తగ్గించుకోండి. ఆరు వందల పేజీల నవలలో పాత్రల పేర్లు మరిచిపోతుంటే అది మీ లోపం కాదు, ఈ నెలల్లో చాలామందికి జరిగేదే. కథల సంపుటాలు, వ్యాసాలు, పూర్వం చదివి ఇష్టపడ్డ పుస్తకాలు ఇప్పుడు బాగుంటాయి.

వెల్లకిలా పడుకుని పుస్తకం పైకెత్తి చదివే అలవాటు ఉంటే ఇక మార్చుకోండి. పెరిగిన గర్భాశయం వెన్ను ముందున్న పెద్ద సిర మీద బరువు వేస్తుంది, తల తిరిగినట్టవుతుంది. 28 వారాలు దాటాక నిద్రకు ఉపక్రమించేటప్పుడు కూడా పక్కకు తిరిగే పడుకోవాలి. పక్కకు తిరిగి, మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుని, పుస్తకాన్ని మరో దిండుకు ఆనించండి.

అక్షరాలు కాస్త మసకగా కనిపిస్తే కంగారుపడి కొత్త కళ్లద్దాలు చేయించుకోకండి. ఒంట్లో నీటి వల్ల కంటి ముందు పొర మందం, వంపు కొద్దిగా మారతాయి, కాన్పు తర్వాత చాలావరకు మామూలు అవుతాయి. అయితే 20 వారాలు దాటాక ఉన్నట్టుండి చూపు మసకబారినా, కళ్ల ముందు మెరుపులు కనిపించినా, తీవ్రమైన తలనొప్పి తగ్గకపోయినా, పక్కటెముకల కింద నొప్పి వచ్చినా, ముఖం హఠాత్తుగా వాచినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. అది రక్తపోటు పెరిగి వచ్చే ప్రీ ఎక్లాంప్సియా కావచ్చు. ఎక్కువసేపు చదవడం వల్లే అని సర్దిచెప్పుకుని తెల్లారేదాకా ఆగవద్దు.

పైకి చదవడం గురించి కూడా అడిగారు. బిడ్డకు వినిపిస్తుందా అంటే, ఏడో నెల నాటికి శబ్దాలకు స్పందించడం కనిపిస్తుంది. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఆంథొనీ డికాస్పర్, విలియం ఫైఫర్‌తో కలిసి 1980లో ప్రచురించిన ప్రయోగంలో, అప్పుడే పుట్టిన పిల్లలు తల్లి గొంతు వినబడేలా పాలపీకను చప్పరించే తీరు మార్చుకున్నారు. 1986లో మెలానీ స్పెన్స్‌తో కలిసి చేసిన మరో ప్రయోగంలో తల్లులు గర్భం చివరి ఆరు వారాలు ఒకే కథను రోజుకు రెండుసార్లు పైకి చదివారు. పుట్టాక ఆ పిల్లలు కొత్త కథ కంటే ఆ విన్న కథకే మొగ్గు చూపారు. దీన్ని బట్టి బిడ్డ తెలివితేటలు పెరుగుతాయని ఎవరైనా చెబితే నమ్మకండి, ప్రయోగం తేల్చింది అది కాదు. విన్న లయను, గొంతును గుర్తుపడుతుంది, అంతే. నాకు అదే గొప్పగా అనిపిస్తుంది. మీకు నచ్చిన ఒక చిన్న కథ ఎంచుకుని చివరి నెలల్లో రోజూ చదవండి. పుట్టాక అదే చదవండి.

అల్లికనూ చదువునూ కలపగలిగే చోటు కూడా ఇదే. ఒకే రకం కుట్టుతో సాగే సాదా వరసలు అల్లుతూ మీరు వినండి, మీ ఆయన చదవాలి. తండ్రి గొంతుకూ ఇంట్లో పని దొరుకుతుంది. కుట్లు తగ్గించే చోట, మెడ మలిచే చోట మాత్రం కథ ఆపించండి. లెక్క తప్పితే విప్పడం ఇంకా పెద్ద పని.

36వ వారం వచ్చేసరికి ఏది పూర్తికాకపోతే దాన్ని అలాగే మడిచి, ఎక్కడ ఆపారో చీటీ రాసి లోపల పెట్టేయండి. మిషన్‌కు గుడ్డ కప్పండి. తయారైనవన్నీ ఉతికి ఆరబెట్టండి. చివరి వారాలు నిద్రకూ నడకకూ ఇష్టమైన పుస్తకానికీ వదిలేయండి.

కాన్పు తర్వాత మొదట తిరిగి వచ్చేది చదువే, అది కూడా ఒంటి చేత్తో. పాలిచ్చేటప్పుడు తెరిచి పట్టుకోనక్కరలేని పుస్తకం, లేదా ఫోనులో పెద్ద అక్షరాలతో చదువుకునే పుస్తకం ఇప్పుడే సిద్ధం చేసుకోండి. అల్లికకు తొందరపడకండి. బిడ్డను పదేపదే ఎత్తడం వల్ల చాలామంది తల్లులకు బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన నొప్పి వస్తుంది. ఆ నొప్పి మీద సూదులు పడితే మరింత ముదురుతుంది. బిడ్డను ఎత్తేటప్పుడు బొటనవేళ్లు చాచి చంకల కింద పట్టకుండా, అరచేతులు పిరుదుల కిందా మెడ కిందా పెట్టి ఎత్తండి. కాన్పు తర్వాతి పరీక్షకు వెళ్లినప్పుడు మణికట్ల సంగతి కూడా చెప్పండి. నొప్పి లేదంటే మందపు ఊలుతో రోజుకు రెండు వరసలతో మొదలుపెట్టవచ్చు. అప్పటికి బిడ్డ కొలత మీ చేతిలోనే ఉంటుంది కాబట్టి స్వెట్టర్ చేతులు ఎంత పొడవు అల్లాలో అంచనా వేసుకోనక్కరలేదు, టేపు పెట్టి కొలుచుకోండి.